రామా గ్రీన్‌ల ఏమేం కలిపిన్రు తాతా?

నాంపల్లి స్టేషన్‌కు ఇవతలి సందులో, రైలు అనౌన్సుమెంటు సగం వినబడి సగం వినబడనంత దూరంలో, పాతకాలపు మిద్దె ఇల్లొకటుంది. ముందు హాల్లో చిన్నపిల్లల బడి. వెనక గదిలో బాలకిషన్. రెండింటికీ మధ్య ఒక తలుపుంది కానీ అది తెరుచుకోదు. ఇంటిని రెండు వాటాలు చేసి కిరాయికిచ్చినప్పుడు ఇంటాయన అవతలివైపు నుంచి ప్లైవుడ్ చెక్క పెట్టి మేకులు కొట్టించేశాడు. చెక్క పలచన. పిల్లలు తుమ్మినా ఇవతలికి వినబడుతుంది.

బాలకిషన్‌కు అరవై నాలుగేళ్లు. పొద్దున తొమ్మిదిన్నరకల్లా స్నానం, పూజ, చాయ్ అన్నీ అయిపోతాయి. తరువాత చేయడానికి ఏమీ ఉండదు. కుర్చీ లాక్కుని ఆ తెరుచుకోని తలుపు పక్కన కూర్చుంటాడు. పిల్లల మొహాలు చూడకముందే ఆయనకు వాళ్ల గొంతులన్నీ తెలుసు. ప్రతిదానికీ 'నాదీ' అని అరిచేవాడు మహీధర్. అందరికన్నా ముందు జవాబు చెప్పేసి, ఆ తరువాత టీచరమ్మనే ప్రశ్నలు అడిగేది సంహిత. ఆ పిల్ల గొంతు వింటే ఆయనకు చిలకాకుపచ్చ రంగు గుర్తుకొచ్చేది. ఎందుకంటే ఏం చెప్తాం, ఆయన బుర్ర అలా అలవాటు పడింది.

బాలకిషన్ నలభై ఏళ్లు అబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేశాడు. మ్యాచింగ్ సెంటర్ అంటే ఏమిటో హైదరాబాదులో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు, మగవాళ్లకు చెప్పాలి. చీర కొన్నాక దానికి రవిక గుడ్డ కావాలి, లోపలికి లంగా కావాలి, కింద అంచుకు ఫాల్ కావాలి. మూడూ చీర రంగుతో కలవాలి. పిసరంత తేడా ఉన్నా పెళ్లిలో ఎవరో ఒక ఆడపడుచు పట్టేస్తుంది. ఆ పిసరంత తేడాను ముందే పట్టుకోవడం బాలకిషన్ పని. గోడ నిండా అరలు, అరల నిండా తాన్లు. ఒక్క ఆకుపచ్చలోనే ముప్పై రెండు రకాలు. చీర కొంగు ఇలా చూసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తి తాను లాగేవాడు. మెంతి రంగు, ఉల్లిపొర రంగు, ఏనుగు రంగు, నెమలికంఠం, రాణి పింక్, రామా గ్రీన్... పేరు నోట్లోంచి వచ్చేలోపు గుడ్డ బల్లమీద పరుచుకునేది.

పనిలో చేరిన రోజున సేటు రెండు సంగతులు చెప్పాడు. మొదటిది, దుకాణానికొచ్చిన గిరాకీ ముందు 'తెల్వది' అన్న మాట రావద్దు. ఏ రంగు పేరడిగినా ఏదో ఒక పేరు చెప్పు, గట్టిగా చెప్పు. రెండోది, గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూపించకుండా గుడ్డకు కత్తెర పెట్టకు. ట్యూబులైటు కింద అన్నదమ్ముల్లా కనిపించే రంగులు ఎండలోకి రాగానే ఒకదానికొకటి ఏమీ కానట్టు కనబడతాయి. నీలం నలుపయ్యేది, నలుపు నీలమయ్యేది. అందుకని రోజుకు వందసార్లు, 'గుమ్మం కాడ చూడుండ్రమ్మా' అంటూ చీర కొంగూ గుడ్డా పట్టుకుని మెట్టు దిగేవాడు. ఆమె సరే అన్నాకే కత్తెరతో అంచున ఒక చిన్న గాటు, పర్రున చింపుడు.

ఇంట్లో ఆయన భార్య నాగరత్నం మాత్రం ఏ చీర మీదికైనా ఒకే నల్ల రవిక వేసుకునేది.

"ఊరందరికి కలుపుతవు, నీ పెండ్లాం గిట్ల తిరిగితే నీ పరువు పోదా?" అని ఆమే అడిగేది.

"మల్ల ఏస్కోరాదు మ్యాచింగు. నేను తెచ్చియ్యనా?"

"నాకెందుకయ్యా, నల్లది అన్నిట్ల కలుస్తది. నీకు జర పని తప్పించిన అనుకో."

ఆమె పోయి ఐదేళ్లయింది. పిల్లలు లేరు. మూడేళ్ల కిందట సేటు దుకాణం మూసేశాడు. ఇప్పుడు ఆడవాళ్లు సాగే రవికలు రెడీమేడ్‌గా కొంటున్నారు. ఆ అరలు పీకేసి సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారక్కడ. వచ్చేటప్పుడు బాలకిషన్ తెచ్చుకున్నది ఒక ట్రంకుపెట్టె. దాని నిండా చింపగా మిగిలిన తునకలు, అరచేయంతవి, నలభై ఏళ్లవి. కొన్ని రోజులైతే రోజు మొత్తమ్మీద ఆయన నోటినుంచి వచ్చే మాట ఒక్కటే. పాల దుకాణంలో, 'ఒకటి' అని.

ఆ ట్రంకుపెట్టె వల్లే ఆయన మొదటిసారి హాల్లోకి వెళ్లాడు.

బడి నడిపేది సాయిసుధ. ఆమె తాతగారు పంతొమ్మిది వందల యాభై ఆరులో గుంటూరు నుంచి ఉద్యోగంతో పాటు బదిలీ అయి వచ్చిన గుమాస్తా. మూడు తరాలైనా ఆ ఇంట్లో మాట మారలేదు. ఒకరోజు సాయంత్రం ఆమె వెనక్కి వచ్చి గది ముందు నిలబడింది.

"బాబాయిగారూ, పిల్లలకి రంగుల వారం పెట్టానండీ. మీ దగ్గర పాత గుడ్డముక్కలు ఏవన్నా ఉంటాయేమోనని..."

బాలకిషన్ లేచాడు. ట్రంకుపెట్టె మూత తీశాడు. సాయిసుధ చేయి నోటి మీద పెట్టుకుంది.

మర్నాడు పదింటికి పెట్టె హాల్లో ఉంది, పెట్టె పక్కన ఆయన ఉన్నాడు. చెక్క అవతలి గొంతులన్నింటికీ మొహాలు వచ్చాయి. సంహిత అనుకున్నదానికంటే చిన్నది, నాలుగేళ్లుంటాయేమో, రెండు పిలకలు, మోకాలిమీద ఎండిన దెబ్బ. మహీధర్ అనుకున్నట్టే ఉన్నాడు.

ఆయనే ఒక ఆట పుట్టించాడు. ఒక తునకను పర్రున రెండుగా చింపి, ఒక ముక్క పిల్లాడి చేతికిచ్చి, రెండోదాన్ని కుప్పలో కలిపేసేవాడు. "నీ ముక్క జోడీ ఏడుందో దేవులాడు." పిల్లలు కుప్పమీద పడేవాళ్లు. దొరికిందని తెచ్చినవాళ్లను గుమ్మం దగ్గరికి తీసుకుపోయి ఎండలో పట్టి చూపించేవాడు. "చూడు బిడ్డా, ఇది నీదా?" కాకపోతే మళ్లీ కుప్పలోకి.

"నాదే!" అనేవాడు మహీధర్.

"నీదయితే గిది మెరుస్తలేదేంది? ఎండను అడుగు, ఎండ అబద్ధమాడది."

వారం అయిపోయింది. సాయిసుధ రావద్దనలేదు, ఆయన రావడం మానలేదు. పది నుంచి పన్నెండింటి దాకా రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం బాలకిషన్ చొక్కాలకు ఇస్త్రీ మొదలుపెట్టాడు. పాల దుకాణంలో ఇప్పుడు, "ఒకటి. జర జల్ది, బడికి పోవాలె" అంటున్నాడు.

ఒక శుక్రవారం సాయిసుధ మూడు ప్లాస్టిక్ జగ్గుల్లో ఎర్ర నీళ్లు, పసుపు నీళ్లు, నీలం నీళ్లు కలిపి పెట్టింది. పిల్లలకు తలో గ్లాసు, తలో ఇంకుఫిల్లరు. నీలంలో పసుపు చుక్క పడగానే ఆకుపచ్చగా మారేసరికి హాలంతా గోల. బాలకిషన్ కూడా అందరిలాగే మెడ చాపి చూశాడు. ఆయనకూ అది కొత్తే. ఈలోపు సాయిసుధకు ఫోనొచ్చింది. గ్యాసు బండ వాడు ఇంటి తాళం చూసి వెళ్లిపోతున్నాడట. "ఒక్క పావుగంట బాబాయిగారూ" అని పరిగెత్తింది. బడిలో పనిచేసే ఆయమ్మ వెనక గ్లాసులు కడుగుతోంది.

సంహిత ట్రంకుపెట్టెలోంచి ఒక తునక పట్టుకొచ్చింది.

"తాతా, ఇదేం రంగు?"

"రామా గ్రీన్ బిడ్డా." ఆలోచించకుండానే వచ్చింది నోట్లోంచి.

"రామా గ్రీన్‌ల ఏమేం కలిపిన్రు తాతా?"

బాలకిషన్ గుడ్డవైపు చూశాడు. నలభై ఏళ్లలో ఈ తాను ఎన్ని వందల మీటర్లు చింపి ఉంటాడో. ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు. రంగులు సూరత్ నుంచి మూటల్లో వచ్చేవి, తయారై వచ్చేవి. ఎవరు కలిపారో, ఎందులో ఏం పోశారో... పిల్ల తలెత్తి చూస్తోంది. తక్కిన పిల్లలూ ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. గిరాకీ ముందు 'తెల్వది' అనొద్దు.

"గది తర్వాత జెప్త గని, దీనికంటె పెద్ద మ్యాజిక్ చూస్తవా?"

గదికి పోయి స్టీలు ప్లేటులో చిటికెడు పసుపు, తన ఆకువక్క సంచిలోంచి సున్నం డబ్బీ తెచ్చాడు. "దూరం, దూరం. సున్నం ముట్టొద్దు, చెయ్యి మండుతది." నాలుగు చుక్కల నీళ్లు పోసి, సున్నం వేలితో తీసి, పసుపులో రుద్దాడు. పెళ్లికూతురి కాళ్లకు పారాణి కలిపినట్టు, దిష్టి తీసే ఎర్ర నీళ్లు కలిపినట్టు, ఆ పిల్లల ఇళ్లల్లో ప్రతి అమ్మా అమ్మమ్మా చేసేదే. కానీ పిల్లలు చూడలేదు. వాళ్ల కళ్లముందే పచ్చటి పసుపు, తెల్లటి సున్నం కలిసి నెత్తురులా ఎర్రగా అయ్యాయి. ఒక్కసారిగా కేక.

బాలకిషన్‌కు ఛాతీ పొంగింది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. సాయిసుధ పాఠం చెప్పే పద్ధతి చెక్క వెనక నుంచి విని విని ఆయనకు కంఠతా వచ్చేసింది. చేయెత్తి అదే రాగంలో అడిగాడు. "ఎల్లోల వైట్ కలిస్తే?"

"రెడ్!"

"గట్టిగ!"

"ఎల్లో, వైట్... రెడ్!"

సాయిసుధ తిరిగొచ్చేసరికి ప్లేటు కడిగి ఉంది, పిల్లలు ఆటోలెక్కుతున్నారు. "అల్లరి చేశారా?" అంది. "ఏం లేదు, మంచిగున్నరు" అన్నాడు.

సోమవారం బాలకిషన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బొత్తాలు పెట్టుకుంటుండగా చెక్క అవతల కొత్త గొంతు వినబడింది. గుండీ దగ్గరే ఆయన చేయి ఆగిపోయింది.

"పెద్ద స్కూల్ల ఇంటర్వ్యూ ఉండె మేడం, శనివారం. ఎల్‌కేజీకి. మీకు తెల్సుగద. పసుపు క్లే ముద్ద, తెల్ల క్లే ముద్ద ముందల వెట్టి, ఈ రెండు కలిపితే ఏమైతది బేటా అని అడిగిన్రు. ఇది రెడ్ అన్నది. ఆమె నవ్వి, మల్ల సోంచాయించు అన్నది. మల్ల రెడ్డే అన్నది. పక్కనున్నాయన గూడ నవ్విండు. మూడోసారి అడిగితె ఏడ్సింది. తర్వాత పేరేంది అంటె పేరు గూడ చెప్పలే."

"అయ్యో, సంహితేనా? అన్నిటికంటే ముందు చెప్పేస్తుందండీ అది..."

"ఎవరు నేర్పిన్రే అంటే తాత అన్నది. ఎవరు మేడం ఆ తాత?"

"వెనక గదిలో ఉంటారండీ. పెద్దాయన. మంచివారు. ఊరికే వచ్చి పిల్లల్ని ఆడిస్తారు."

"టీచరా?"

"కాదండీ."

"సదువుకున్నడా?"

 ఇవతల బాలకిషన్ 'ఏడో తరగతి దాకా' అనుకున్నాడు లోపల.

"నేను కోర్టు కాడ జెరాక్సు దుకాణంల టైపు కొడ్త. వకీళ్లయి రోజుకు నలభై అఫిడవిట్లు. ఒక్క అక్షరం తప్పు పోదు నా చేతిల. నా బిడ్డ నోట్లెకు గింత తప్పు ఎట్లొచ్చింది మేడం? మీ మీద భరోసాతోని పంపుతున్నం."

ఆమె పేరు శశికళ. ఆమె వెళ్లిన కాసేపటికి సాయిసుధ వెనక్కి వచ్చింది. ఏం చెప్పాలో కూడబలుక్కుని వచ్చినట్టుంది కానీ, ఇస్త్రీ చొక్కా చూసి మాట తడబడింది.

"బాబాయిగారూ... కొన్నాళ్లు..."

"విన్న తల్లీ. రాను. నువ్వు ఫికర్ చెయ్యకు."

"తప్పుగా అనుకోకండి. తల్లిదండ్రులు కదా."

"ఔ ఔ. నిజమే గద."

మళ్లీ కుర్చీ, మళ్లీ తెరుచుకోని తలుపు. ఇంతకు ముందు ఆ గొంతులు ఆయనకు కాలక్షేపం. ఇప్పుడు మొహాలు తెలిశాక ఆ గొంతులు వినడం వేరేగా ఉంది. మహీధర్ ఎవరినో గిల్లాడని గొంతును బట్టే తెలుస్తోంది. వెళ్లి విడదీయలేడు. సంహిత గొంతు కోసం చెవులు రిక్కించి కూర్చునేవాడు. రెండోరోజుకు కానీ వినబడలేదు.

"సంహితా, ఆకు ఏ రంగమ్మా?"

"తెల్వది."

"తెలుసు కదా నీకు! చెట్టు ఆకు. ఏ రంగు?"

"తెల్వది టీచర్."

బాలకిషన్ లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. మూడడుగులు వేస్తే గోడ వచ్చే గది. మొదట తనకు తనే వాదించుకున్నాడు. నేను అబద్ధం చెప్పలే. కండ్ల ముందల ఎర్రగ గాలేదా? పారాణి ఎర్రగ ఉండదా? ఇలా ఒక పూటంతా నాగరత్నం ఫోటోకు వినిపించాడు. ఆమె ఉండి ఉంటే ఒక్క మాట అడిగి ఉండేది. గుమ్మం కాడ చూసినవా?

చూడలేదు. అదే నిజం. నలభై ఏళ్లు పరాయి ఆడవాళ్ల చీరల కోసం రోజుకు వందసార్లు మెట్టు దిగినవాడు, ఒక పసిపిల్లకు మాట నేర్పేటప్పుడు మాత్రం ఎండలో పట్టి చూడలేదు. పసుపులో సున్నం కలిస్తే అయ్యేది ఒకటి, పసుపు రంగులో తెల్ల రంగు కలిస్తే అయ్యేది ఇంకొకటి కావచ్చని ఆయనకు తోచనే లేదు.

ఆ మధ్యాహ్నమే సుల్తాన్ బజార్‌కు నడిచి, పిల్లలు బొమ్మలకు వేసే నీటి రంగుల సీసాలు తెచ్చుకున్నాడు. మొదట పసుపు, తెలుపు. స్టీలు ప్లేటులో వేలితో కలిపాడు. ప్లేటు పట్టుకుని సందులోకి వచ్చి ఎండలో నిలబడ్డాడు. వెన్న రంగు. మ్యాచింగ్ సెంటర్‌లో అయితే ఎడమ గోడ, పైనుంచి నాలుగో అర. ఎంత సేపు చూసినా వెన్న రంగే.

ఆ తరువాత ఊరుకోలేకపోయాడు. ఆయమ్మ తిరిగి గదికి చేర్చిన ట్రంకుపెట్టెలోంచి రామా గ్రీన్ తునక తీసి ప్లేటు పక్కన పెట్టుకున్నాడు. నీలంలో పసుపు పోస్తే గడ్డి రంగు వచ్చింది. నీలం పెంచితే సముద్రమైంది. తెలుపు వేస్తే పాలిపోయింది. పాతది పారబోయడం, ప్లేటు కడగడం, మళ్లీ మొదలు. ఒకసారి చాలా దగ్గరికి వచ్చింది, సందులోకి తెచ్చి చూస్తే కాదు. రెండు రోజులు పట్టింది. పదకొండోసారి తునకను ప్లేటు అంచున ఆనించి ఎండలో పట్టినప్పుడు, తునక ఎక్కడ ఆగిందో రంగు ఎక్కడ మొదలైందో కనబడలేదు.

"వచ్చింది!" అని అరిచాడు.

సందులో ఎవరూ లేరు. అరటిపళ్ల బండివాడు దూరంగా ఒకసారి తిరిగి చూసి, తనను కాదనుకుని వెళ్లిపోయాడు. బాలకిషన్ ఆ ప్లేటు పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు. చూపించడానికి మనిషి కావాలి. ముందు హాల్లో ఇరవై ఇద్దరున్నారు, కిటికీ లోంచి వాళ్ల పాట వినబడుతోంది. ఆయన గదికి తిరిగిపోయి ప్లేటును నాగరత్నం ఫోటో ముందు పెట్టాడు. సాయంత్రానికి రంగు ఎండి బీటలు తీసింది.

మర్నాడు పొద్దున చొక్కాకు ఇస్త్రీ చేశాడు. నాంపల్లి కోర్టు దగ్గరికి నడిచాడు.

జెరాక్సు దుకాణాలు ఐదారున్నాయి. మూడోదాంట్లో శశికళ కనబడింది. గొంతు వినగానే గుర్తుపట్టాడు. నల్ల కోటు వకీలు ఒకాయన ఆమె వెనక నిలబడి చెబుతుంటే ఆమె తలెత్తకుండా కొడుతోంది. బాలకిషన్ వరుసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చింది.

"ఏం కాయితం?" అంది.

"కాయితం లేదు బిడ్డా. నేను... బడి వెనక గదిల ఉంట. బాలకిషన్."

శశికళ చేతులు కీబోర్డు మీదే ఆగాయి. "మీరేనా తాత?"

"ఔ."

"ఏం జెప్పనీకి వచ్చిన్రు? పసుపుల సున్నం కలిపితె ఎర్రగైతదని నాకు తెల్వదా? మా అమ్మ ఎన్నిసార్లు దిష్టి తీసిందో. గది జెప్పనీకి వచ్చిన్రా ఇంత దూరం?"

"కాదు. తప్పు నాది అని జెప్పనీకొచ్చిన. పిల్ల రామా గ్రీన్‌ల ఏమేం కలుపుతరు అని అడిగింది. నాకు తెల్వదు. తెల్వది అంటె అయిపోతుండె. అనలే. గది దాసనీకి ఇది చూపెట్టిన. పిల్ల నన్ను నమ్మింది. గదే దాని తప్పు."

శశికళ ఆయన మొహంలోకి చూసింది. "తెల్వదు అంటె నోరు అరుగుతుండెనా?"

"నలభై ఏండ్లు దుకాణంల ఉంటి. ఒక్కసారి గూడ అనలే బిడ్డా. అలవాటు లేదు."

వెనక నిలబడ్డ కుర్ర వకీలు నవ్వు ఆపుకున్నాడు. శశికళ నవ్వలేదు.

"సీటు గురించి గాదు నా ఫికర్. గా స్కూలు గాకపోతె ఇంకోటి. గని, ఇంట్ల ఏమడిగినా తెల్వది అంటున్నది. నీ చెప్పులేవే అంటె తెల్వది. అన్నం తింటవా అంటె తెల్వది. దానికి తెలిసినయి గూడ చెప్తలేదు. మల్ల నవ్వుతరేమో అని." తరువాతి కాయితం ముందుకు లాక్కుంది. "సరే, పోండ్రి. మంది ఉన్నరు లైన్ల."

అంతే. క్షమించినట్టూ కాదు, తిట్టినట్టూ కాదు. బాలకిషన్ గన్‌ఫౌండ్రీ మీదుగా చుట్టు తిరిగి, అవసరం లేకపోయినా అబిడ్స్ దాకా పోయి, పాత దుకాణం మెట్టు ముందు ఒక నిమిషం నిలబడి, ఇంటికొచ్చాడు. సెల్‌ఫోన్ కవర్ల కుర్రాడు, "ఏం గావాలె అంకుల్?" అన్నాడు. "ఏం వద్దు" అన్నాడు. ఆ రోజుకు అదే ఆఖరి మాట.

రెండు రోజులకు సాయిసుధ వచ్చింది, మొహంలో నవ్వూ మొహమాటమూ కలిసి.

"శశికళగారు ఏమన్నారో తెలుసా బాబాయిగారూ? 'లోపల కూసోని పాఠాలు గిట్ల జెప్పొద్దు. గుమ్మం అవుతల కూసుంటె నాకేంది, సందు నాదా?' అన్నారు." ఆవిడ మాటను ఉన్నదున్నట్టు అనబోతే సాయిసుధ నోట్లో అది గుంటూరు దాకా వెళ్లొచ్చింది. బాలకిషన్‌కు చాలా రోజుల తరువాత నవ్వొచ్చింది.

గుమ్మం అవతల ఒక స్టూలు వేసుకున్నాడు. లోపల ఒక ప్రపంచం, బయట ఒక ప్రపంచం, మధ్యలో నాలుగంగుళాల గడప. పది నుంచి పన్నెండింటి దాకా ఆయన అటువైపు కాలు పెట్టలేదు. పెట్టనక్కర్లేకుండా పిల్లలే వచ్చారు. ఏ రంగు కలిపినా గ్లాసు పట్టుకుని గడప దగ్గరికి పరుగు. ఎండలో చూపిస్తే కానీ పూర్తయినట్టు కాదని వాళ్ల లెక్క. ఆ లెక్క ఆయన నేర్పిందే. "తాతా, గుమ్మం కాడ చూడు!" అని మహీధర్ రోజుకు పదిసార్లు అవే మురికి నీళ్లు తెచ్చేవాడు. బాలకిషన్ రంగు పేర్లు చెప్పడం మానేశాడు. "నీకేమనిపిస్తుంది?" అని అడిగేవాడు. మహీధర్‌కు అన్నీ చాక్లెట్ అనిపించేవి.

సంహిత రాలేదు. లోపల గోడ పక్కన కూర్చునేది. ఆయన వైపు చూసి, ఆయన చూడగానే మొహం తిప్పుకునేది. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. పిలవకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నట్టు కూర్చున్నాడు. పన్నెండింటికి ఆటోలు వచ్చేవి, పిల్లలు వెళ్లిపోయేవారు, ఆయమ్మ తలుపు వేసేది. స్టూలు చేత్తో పట్టుకుని వెనక్కి నడిచేటప్పుడు గదికి పోయే ఆ పదిహేను అడుగులూ ఆయనకు చాలా దూరంగా ఉండేవి.

ఐదో రోజు గడప మీద ఒక చిన్న నీడ పడింది. రెండు పిలకలు. చేతిలో గ్లాసు, గ్లాసులో పచ్చా కాని నీలమూ కాని బూడిదా కాని నీళ్లు.

"ఇదేం రంగు?" అంది సంహిత. గొంతులో పరీక్ష పెట్టేవాళ్ల కరుకుదనం ఉంది.

బాలకిషన్ గ్లాసు తీసుకుని ఎండలో పట్టాడు. నాలుక చివర పేర్లు నిలబడ్డాయి, నలభై ఏళ్ల పేర్లు. తుప్పు పచ్చ అనొచ్చు, సముద్రపు బూడిద అనొచ్చు, ఏదన్నా అనొచ్చు. గట్టిగా అంటే చాలు.

"తెల్వది బిడ్డా" అన్నాడు.

ఆ పిల్ల కళ్లు చికిలించి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమోనని చూసినట్టుంది.

"నిజంగ తెల్వదా?"

"నిజంగ తెల్వదు."

"పెద్దోళ్లకు గూడ తెల్వదా?"

"శానా తెల్వదు."

సంహిత గడప మీద కూర్చుంది, కాళ్లు బయటికి, వీపు లోపలికి. "నేను జెప్త. దీంట్ల బ్లూ వోసిన. ఎల్లో వోసిన. మల్ల మహీధర్ గాడు చెయ్యి గడుక్కున్నడు."

"ఓహో. అదా సంగతి."

"నవ్వొద్దు."

"నవ్వుత లేను బిడ్డా."

బాలకిషన్ గ్లాసును ఆమె పక్కన గడప అంచున పెట్టాడు. తరువాత ఆమె అడిగింది, "మల్ల రామా గ్రీన్‌ల ఏమేం కలిపిన్రో తెల్సిందా తాతా?"

తెలిసింది. ఎంత నీలం, ఎంత పసుపు, చివర సూదిమొన మోపినంత తెలుపు. పదకొండుసార్లు కలిపి తెలుసుకున్నది. వారం రోజులుగా ఎవరూ అడక్క, చెప్పడానికి ఎవరూ లేక, నోట్లో అలాగే పెట్టుకు కూర్చున్నది.

"తెల్సింది. జెప్పాల్నా?"

సంహిత గ్లాసు వైపు చూసింది, లోపల జగ్గుల వైపు చూసింది.

"వద్దు. నేనే చూస్త. రేపు తెస్త. నువ్వు ఈడనే ఉంటవు గద?"

"ఈడనే ఉంట."

ఆటో హారన్ కొట్టింది. పిల్ల లేచి పోయింది, గ్లాసు మరిచిపోయి. ఆయమ్మ తలుపు వేసింది. సందు ఖాళీ అయింది. నాంపల్లి స్టేషన్‌లో ఏదో రైలు గురించి సగం మాట వినబడింది. బాలకిషన్ లేవలేదు. ఎండ గడప దాటి ఇవతలికి జరిగితే స్టూలు కూడా కాస్త జరుపుకుని, గ్లాసు ఒళ్లో పెట్టుకుని, అందులో రంగు మెల్లగా అడుక్కు దిగేదాకా అలాగే కూర్చున్నాడు.